ఆడితే చప్పట్లు, అడిగితే కేసులు

మా రాయపూర్‌లో అతిథి మర్యాదలకు లోటుండదు. అతిథి కాళ్ళు కదిపితే దండ, నోరు కదిపితే దండన. ఈ నియమాన్ని మేము ఎవరి కోసమూ సడలించం. ఇంటివాళ్ళ కోసమైతే అసలే సడలించం.

2021 అక్టోబరు 28. సైన్స్ కాలేజీ మైదానం. జాతీయ ఆదివాసీ నృత్య మహోత్సవం. ముఖ్య అతిథి జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్. ఆతిథ్యం మా అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ గారిది. దేశంలోని బృందాలు చాలక నైజీరియా, ఉగాండా, మాలి, శ్రీలంక, ఇంకా కొన్ని దేశాల కళాకారులనూ పిలిపించారు. ఆ పట్టీలో పాలస్తీనా పేరు కూడా ఉంది. వేదిక ప్రభుత్వానిది, ఖర్చు ప్రభుత్వానిది, చప్పట్లు జనానివి.

పాలస్తీనావాళ్ళ ఆటను దబ్కె అంటారు. చేతులు కలిపి వరసగా నిలబడతారు. కొసన ఉన్నవాడు అడుగు చెబుతాడు, మిగతావాళ్ళంతా ఒకే కాలితో తన్నినట్టు నేలను తంతారు. మట్టి కప్పు పగుళ్ళిస్తే వానలకు ముందు ఇరుగుపొరుగు అంతా పైకెక్కి కలిసి తొక్కేవారట. ఆట అందులోంచే పుట్టిందని వాళ్ళ పెద్దలు చెబుతారు. 1948లో ఏడు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. తొక్కడానికి కప్పు మిగల్లేదు, అడుగు మాత్రం మిగిలింది. 2023లో యునెస్కో ఆ అడుగును మానవజాతి వారసత్వ సంపదగా నమోదు చేసుకుంది. అది ఒకప్పుడు ఎవరి ఇంటి మీద పడిన అడుగో, ఆ ఇంట్లో ఇప్పుడెవరున్నారో అడిగే గడి ఆ నమోదు ఫారంలో లేదు కాబోలు.

సరే, విదేశీయుల సంగతి వదిలేయండి. అదే 2021 అక్టోబరులో ఇంటివాళ్ళు కూడా రాయపూర్‌కు వచ్చారు. సర్గుజా వైపు హస్‌దేవ్ అడవుల ఆదివాసీలు, దాదాపు 350 మంది, 4వ తేదీన ఫతేపూర్‌లో బయలుదేరి సుమారు 300 కిలోమీటర్లు నడిచి 13న రాజధానికి చేరారు. మా అడవి కింద బొగ్గుంది, పరసా గని కోసం మా గ్రామసభల పేరున దొంగ తీర్మానాలు పుట్టించారు, విచారించండి అన్నారు. గవర్నరు గారిని కలిశారు. చూద్దాం అన్నారు. చూశారు కూడా: 21వ తేదీన కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అటవీ అనుమతి ఇచ్చింది. 28న నృత్య మహోత్సవం మొదలైంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వమూ తన సంతకం పెట్టింది. ఢిల్లీలో ఒక పార్టీ, రాయపూర్‌లో మరో పార్టీ; సంతకాల దగ్గర మాత్రం అన్నదమ్ముల అనుబంధం.

నెల ఒకటే, ఊరు ఒకటే, ఆదివాసీ ఒకడే. 13న నడిచి వచ్చినవాడు సమస్య. 28న ఆడటానికి వచ్చినవాడు సంస్కృతి.

మూడేళ్ళు తిరిగాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, నియమం మారలేదు. 2024 సెప్టెంబరులో మిలాద్-ఉన్-నబీకి ముందు బిలాస్‌పూర్‌లో పాలస్తీనా జెండాలు కట్టారని ఐదుగురిని పోలీసులు పట్టుకెళ్ళారు. బిలాస్‌పూర్ అంటే మాకు రైల్లో రెండు గంటల దూరం. మా హైకోర్టు ఉన్న ఊరు. భారతదేశం పాలస్తీనాను దేశంగా గుర్తించింది 1988లో. దాని రాయబార కార్యాలయం ఢిల్లీలోనే ఉంది, అక్కడ ఆ జెండాకు సెల్యూట్లు అందుతాయి. 1981లో మన తపాలా శాఖ పాలస్తీనా ప్రజలకు సంఘీభావంగా స్టాంపు కూడా వేసింది. ఆ స్టాంపు అంటించిన కవరు ఇవాళ బిలాస్‌పూర్ చేరితే పోస్ట్‌మ్యాన్ మీద ఏ సెక్షన్ పెట్టాలో పోలీసువారు ఇప్పుడే ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

కాబట్టి పాలస్తీనావాడికి మన దగ్గర చోటు లేదనడం అబద్ధం. గంగిరెద్దుకు ఉన్నంత చోటు ఉంది. బొంత కప్పుతాం, గజ్జెలు కడతాం, వాకిట్లో ఆడిస్తాం. తల ఊపితే బియ్యం పోస్తాం. అది నోరు తెరిచి “ఈ వాకిలి ఒకప్పుడు మాది” అన్నదా, అప్పుడే చిక్కు. ఈ గంగిరెద్దు ధర్మం రాయపూర్ సొంత ఆవిష్కరణ అని గర్వపడదామంటే, ప్రపంచమంతా మనకంటే ముందే పాటిస్తోంది. నియమావళి ఎక్కడా అచ్చయి లేదు గనుక, ప్రజా ప్రయోజనార్థం ఇక్కడ కూర్చి ఇస్తున్నాను.

నిబంధన 1. బట్ట ఉండవచ్చు, ఒళ్ళు ఉండరాదు. పాలస్తీనా రైతు తలకు చుట్టుకునే గళ్ళ గుడ్డ కఫియా. హెబ్రాన్‌లో 1961 నుంచి దాన్ని మగ్గాల మీద నేస్తున్న హిర్బావీ కార్ఖానా ఇప్పటికీ ఉంది. 2021లో లూయీ విట్టాన్ కంపెనీ అదే అల్లికను తలపించే కండువాను 705 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. జనం తిడితే తీసేసింది. హెబ్రాన్‌వాడు కట్టుకుంటే చెక్‌పోస్టు దగ్గర సోదా, పారిస్‌వాడు అమ్మితే ఫ్యాషన్. మన బస్తర్ దోక్రా బొమ్మల సంగతీ ఇంతే. బొమ్మ డ్రాయింగు రూములోకి వస్తుంది, పోత పోసినవాడు మెట్ల దగ్గరే ఆగుతాడు.

నిబంధన 2. సానుభూతి బొమ్మలో మనిషి కనబడరాదు. 2024 మే నెలలో “అందరి కళ్ళూ రఫా మీదే” అనే బొమ్మ ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు మూడు రోజుల్లో 4 కోట్ల 70 లక్షలసార్లు తిరిగింది. దాన్ని దగ్గరగా చూడండి. ఆకాశంలోంచి చూసినట్టు గుడారాలు, బియ్యం గింజలు పేర్చినంత శుభ్రంగా వరసలు. తెల్ల గుడారాలతో అక్షరాలు. వెనక మంచు కప్పినట్టు కొండలు. గాజాలోని రఫా వైపు అలాంటి కొండలు లేనే లేవు. రక్తం లేదు, దుమ్ము లేదు, ఏడ్చే తల్లి లేదు, ఒక్క మనిషి లేడు. కృత్రిమ మేధ గీసిన బొమ్మ అది. ఆ ఊళ్ళో ప్రాణానికి తెగించి ఫొటోలు తీస్తున్నవాళ్ళున్నారు, వాటికి మాత్రం ఇన్ని కోట్లు రాలవు. మన సినిమా తారలూ పంచుకున్నారు. మర్నాడు “కశ్మీరీ పండిట్లప్పుడు మీ కళ్ళెక్కడున్నాయి” అని దండయాత్ర మొదలయ్యేసరికి కొందరు గబగబా చెరిపేసుకున్నారు. కళ్ళు రఫా మీద ఉన్నది ఒక పూట. ఆ తర్వాత ఫాలోయర్ల మీదే.

నిబంధన 3. చెప్పే కథకు గడువుండాలి. నెట్‌ఫ్లిక్స్ 2021 అక్టోబరులో, అంటే మా రాయపూర్ మహోత్సవం జరిగిన నెలలోనే, “పాలస్తీనా కథలు” పేరిట 32 సినిమాల వరస పెట్టింది. సరిగ్గా మూడేళ్ళకు వాటిలో చాలా సినిమాలు మాయమయ్యాయి. ఎందుకయ్యా అంటే లైసెన్సు గడువు తీరిందన్నారు. న్యాయమే. గడువు తీరితే పాల ప్యాకెట్టయినా తీసేస్తారు. కాకపోతే గాజా మీద బాంబులు పడుతుండగా, ప్రపంచం ఆ కథల కోసం వెతుకుతుండగా గడువు తీరడం చూస్తే, క్యాలెండరు ఎంత తెలివైనదో అర్థమవుతుంది.

నిబంధన 4. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి. 2025 డిసెంబరులో తిరువనంతపురంలో కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. కేంద్ర సమాచార శాఖ మొదట 19 సినిమాలకు అనుమతి ఆపింది. అందులో ఆన్‌మరీ జాసిర్ తీసిన “పాలస్తీన్ 36” సహా పాలస్తీనా కథలు కొన్ని ఉన్నాయి. వాటితో పాటు 1925 నాటి మూగ సినిమా “బాటిల్‌షిప్ పొటెంకిన్” కూడా ఉంది. మాట్లాడేవాళ్ళను ఆపడం తెలిసిందే. మూగ సినిమాను కూడా ఆపడం కొత్త. తర్వాత గోల జరిగితే చాలావాటిని కరుణించారు. అనుమతి వచ్చినవాటిని చూసి మురిసిపోయాం. కథ చూడటానికి అనుమతి దేనికన్న ప్రశ్న మురిపెంలో మునిగిపోయింది. కథ చెప్పుకునేందుకు అనుమతి కావాలా అని ఎడ్వర్డ్ సయీద్ 1984లోనే ఒక వ్యాసం రాశాడు. నలభై ఏళ్ళు దాటినా ఆ దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది.

నిబంధన 5. బహుమతి తీసుకో, తన్నులూ తీసుకో. పాలస్తీనాలోని మసాఫెర్ యట్టా ఊళ్ళను ఇజ్రాయెల్ సైన్యం కూల్చడం మీద ఇద్దరు పాలస్తీనావాళ్ళు, ఇద్దరు ఇజ్రాయెలీలు కలిసి “నో అదర్ ల్యాండ్” తీశారు. 2025 మార్చి 2న దానికి ఆస్కార్ వచ్చింది. అదే నెల 24న, తీసిన నలుగురిలో ఒకడైన హమ్దాన్ బల్లాల్‌ను సొంత ఊళ్ళో ఇజ్రాయెలీ సెటిలర్లు కొట్టారు, సైన్యం పట్టుకెళ్ళి మర్నాడు వదిలింది. ఆస్కార్ అకాడమీ ఖండన ప్రకటన ఇచ్చింది. అందులో బల్లాల్ పేరూ లేదు, సినిమా పేరూ లేదు. సభ్యులే వందల సంఖ్యలో తిరగబడ్డాక క్షమాపణ చెప్పింది. ఆ సినిమాకు సాయపడిన ఔదా హతలీన్‌ను జూలైలో ఒక సెటిలర్ కాల్చి చంపాడు. బంగారు బొమ్మ చేతికిస్తాం బాబూ, పేరు పలకమంటే మాత్రం కష్టం.

నిబంధన 6. అన్నిటికన్నా చచ్చిపోవడం ఉత్తమం. చచ్చినవాడి కళ్ళు చేరడేసి అని మనవాళ్ళు ఊరికే అనలేదు. గాజాలో ఇంగ్లిషు సాహిత్యం చెప్పిన రెఫాత్ అలరీర్ బతికుండగా ఎందరికి తెలుసు? 2023 డిసెంబరు 6న వైమానిక దాడిలో పోయాడు. ఆయన కవిత పదుల భాషల్లోకి వెళ్ళింది, గాలిపటాల మీదకెక్కింది. ఫొటోగ్రాఫర్ ఫాతిమా హస్సూనా మీద తీసిన డాక్యుమెంటరీని కాన్ చిత్రోత్సవ వేళ చూపిస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించిన మర్నాడే, ఇంటి మీద బాంబు పడి కుటుంబంలో పలువురితో పాటు ఆమె పోయింది. తర్వాత కాన్‌లో ఆమె పేరు గౌరవంగా తలుచుకున్నారు. ప్రేక్షకులుగా మనకున్న పెద్ద సుగుణం ఇదే: నివాళికి ఎప్పుడూ ఆలస్యం చేయం.

ఈ ఆరు గడపలూ దాటినా చివర్లో మౌఖిక పరీక్ష ఒకటుంది. పాలస్తీనావాడు నోరు తెరవగానే మొదటి ప్రశ్న: “హమాస్‌ను ఖండిస్తావా?” 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1200 మందిని చంపింది, అది దారుణం, ఖండించవలసిందే, ఎందరో పాలస్తీనావాళ్ళు ఖండించారు కూడా. కానీ సైన్స్ కాలేజీ మైదానంలో దబ్కె ఆడినవాళ్ళను ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా? ఆడేవాడికి పరీక్ష లేదు, చెప్పేవాడికే. బస్తర్ ఆదివాసీకీ ఇదే ప్రశ్నపత్రం, పేరు ఒక్కటే మార్చారు: “నక్సలైట్లను ఖండిస్తావా?” ఖండిస్తే రాత్రి అడవిలోంచి వచ్చేవాళ్ళ భయం, ఖండించకపోతే పగలు క్యాంపులోంచి వచ్చేవాళ్ళ భయం. 2024 మార్చిలో “బస్తర్” పేరుతో పెద్ద హిందీ సినిమా వచ్చింది. పేరులో ఊరుంది, పక్కన నక్సల్ అన్న మాట ఉంది. ఊళ్ళోవాడి నోట ఊరి కథ ఎక్కడుందో నాలాంటి మందమతులకు కనబడలేదు.

తెలుగువాళ్ళం మనం వేరనుకుంటున్నారేమో. ఆ సరదా కూడా తీర్చుకుందాం.

కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులతో పోరాడి చనిపోయిన గోండు వీరుడు. నీళ్ళు, అడవి, నేల మావన్నవాడు. మన “ఆర్ఆర్ఆర్” ఆయన్ని ప్రపంచానికి చూపించింది. ఎలా? కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు నాటు నాటు ఆడిస్తూ. 2023లో ఆస్కార్ వచ్చింది ఆ పాటకే. మంచి పాట, మంచి ఆట, నేనూ కాళ్ళు కదిపాను. కానీ సినిమా చివర ఏం జరుగుతుంది? నీకేం కావాలని రాముడు అడిగితే భీం చదువు కావాలంటాడు. బతికున్న భీం ఎవరినీ చదువు అడుక్కోలేదు. ఊరు వదిలి పారిపోయిన రోజుల్లోనే అక్షరాలు నేర్చుకున్నాడని ఆయన చరిత్ర చెబుతుంది. ఆయన అడిగింది భూమి. తెర మీద భూమికి బదులు పలక ఇచ్చి పంపాం. భూమి అడిగిన భీం అయితే మల్టీప్లెక్సుల్లో ఇంత ఈల పడేదా?

బస్తర్‌లో 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేల మంది ఆదివాసీలు ఊళ్ళు ఖాళీ చేసి ఖమ్మం, గోదావరి అడవుల్లోకి వచ్చి పడ్డారు. జుడుం పేరిట ఆదివాసీల చేతికే తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. వచ్చినవాళ్ళను మనం గుత్తికోయలన్నాం. ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు. అక్కడ ఆదివాసీ అయినవాడు శబరి దాటితే ఇక్కడ కాకుండా పోయాడు; ధ్రువపత్రం కోసం ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్నాడు. పేరు మనదే, ముద్ర మనదే, కథా మనదే. వాళ్ళ వంతు పోడు నరికితే కేసు, గుడిసె వేస్తే కూల్చివేత. తెలుగులో ఇన్ని సినిమాలొస్తున్నాయి, గుత్తికోయ యువకుడు తీసిన సినిమా పేరు ఒకటి చెప్పండి, చూద్దాం.

ఇక రాయపూర్, భిలాయ్ తెలుగువాళ్ళం. రైల్వేల కోసం, ఉక్కు కర్మాగారం కోసం వచ్చి తరాలు గడిచాయి. సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి పచ్చడి, వేదిక మీద పిల్లల కూచిపూడి. పట్టుచీరల మెరుపుకు తక్కువ లేదు. ఆ పిల్లలు తెలుగు పుస్తకం చదవలేరు, తాతయ్య ఏ ఊరి నుంచి ఎందుకొచ్చాడో చెప్పలేరు. ఎవరూ మన నోరు మూయలేదు. మనమే మూసుకుని గజ్జెలు కట్టుకున్నాం. బలవంతాన గంగిరెద్దులైనవాళ్ళను చూసి జాలిపడేముందు, స్వచ్ఛందంగా చేరినవాళ్ళం అద్దంలో చూసుకుంటే నష్టం లేదు.

పరిష్కారం ఎవరికీ తెలియదనుకోకండి. ఈ ఊళ్ళోనే పుట్టినవాడికి తెలుసు. హబీబ్ తన్వీర్, జననం 1923, రాయపూర్. ఛత్తీస్‌గఢ్ జానపద నాటక రూపమైన నాచా కళాకారులను ఢిల్లీ తీసుకెళ్ళి మొదట హిందీలో నాటకాలాడించాడు. వేదిక మీద వాళ్ళు బిగుసుకుపోయారు. తప్పు వాళ్ళది కాదు, తాను పెట్టిన భాషదని గ్రహించాడు. మీ భాషలో మీరే మాట్లాడండి అన్నాడు. 1973లో రాయపూర్‌లోనే నాచా కళాకారులతో కార్యశాల పెట్టాడు. 1975లో “చరణ్‌దాస్ చోర్” వచ్చింది. 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి కొట్టింది. ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాని దొరలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ కోసం ఎవరూ కథను కోయలేదు, మాట మార్చలేదు. ఫిదాబాయి, గోవిందరామ్ నిర్మల్కర్ తమ గొంతుతోనే మాట్లాడారు.

చరణ్‌దాస్ దొంగ. అబద్ధం ఆడనని గురువుకు మాటిచ్చి, ఆ మాట కోసమే ప్రాణం పోగొట్టుకుంటాడు. తన్వీర్ 2009 జూన్ 8న పోయాడు. రెండు నెలలకే, ఆగస్టులో, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ నాటక పుస్తకాన్ని నిషేధించింది. కొన్ని మాటలు సత్నామీ సమాజం మనోభావాలను గాయపరిచాయన్న ఫిర్యాదు మీద. పుస్తక పఠన వారోత్సవం నడుస్తున్న రోజుల్లోనే. దొంగలున్న దేశంలో నిజం చెప్పే దొంగను మాత్రం భరించలేకపోయాం.

కాబట్టి పాఠకులకు మనవి. పాలస్తీనా సినిమా చూస్తే మధ్యలో ఫోను తీయకండి. చివర పేర్లు వచ్చేదాకా కూర్చోండి. ఎవరు తీశారో, ఎక్కడివాళ్ళో, ఆ ఊరు ఇప్పుడుందో లేదో కనుక్కోండి. ఎప్పుడైనా రాయపూర్‌లో ఆదివాసీ నృత్యం చూడ్డానికి వెళితే, ఆట అయ్యాక ఆ కళాకారుడిని ఒక్క ప్రశ్న అడగండి: మీ ఊళ్ళో ఇప్పుడేం జరుగుతోంది? పక్కనున్న అధికారి మొహం మాడితే మాడనివ్వండి. వినే ఓపిక లేదంటారా, అప్పుడు చప్పట్లు కూడా కొట్టకండి. ఆడేవాడికి ఆ చప్పట్లతో ఒరిగేదేమీ లేదు. వాటి చాటున గనుల సంతకాలు, జెండాల కేసులు సాఫీగా జరిగిపోతున్నాయి.